ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ లెక్క తేలుతుందా? ప్రాజెక్టు డైరీ

ఏం చేయబోతున్నాను

ముందే చెప్పేస్తాను, ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌ని తయారు చేసే ఉద్దేశం నాకు లేదు. ఒక ప్లాటినం పరమాణువు చుట్టూ ఆరు ఫ్లోరిన్‌లు ఉండే పదార్థం అది, పొడి గాజును కూడా తినేస్తుంది, కాస్త తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది, దాన్ని పట్టి ఉంచాలంటే నికెల్, మోనెల్ లాంటి లోహపు గొట్టాలూ వాటిని ఏళ్ల తరబడి వాడిన చేతులూ కావాలి. నా దగ్గర ఉన్నది ఒక మామూలు డెస్క్‌టాప్, లినక్స్, ఉచితంగా దొరికే క్వాంటం కెమిస్ట్రీ ప్రోగ్రాములు. కాబట్టి మొత్తం పని కంప్యూటర్ మీదే.

ప్రశ్న ఒక్కటే. ఈ పదార్థం ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్ లాగేస్తుందని అందరం చదువుకున్నాం, జెనాన్ నుంచి కూడా. పుస్తకాల్లో అది ఒక్క వాక్యంలో అయిపోతుంది, "చాలా బలమైన ఆక్సీకారిణి కాబట్టి" అని. ఎంత బలం? ఆ బలం సరిపోతుందని నేనే లెక్కేసి చూపించగలనా? ఇదే ప్రాజెక్టు.

కాస్త నేపథ్యం రాసుకుంటే తర్వాత నాకే పనికొస్తుంది. ఫ్లోరిన్‌కీ ప్లాటినానికీ గొడవ మొదటి నుంచీ ఉంది. 1886 జూన్ 26న హెన్రీ మొయిసాన్ ఫ్లోరిన్‌ని మొదటిసారి విడదీసినప్పుడు వాడినది ప్లాటినం గొట్టం, ప్లాటినం-ఇరిడియం ఎలక్ట్రోడ్లు. దేనికీ లొంగని లోహం అని ప్లాటినాన్ని ఎంచుకుంటే ఆనోడ్ దగ్గర అదే కరిగి ఫ్లోరైడ్‌గా మారుతూ వచ్చింది. హెక్సాఫ్లోరైడ్ మాత్రం చాలా ఆలస్యంగా, 1957లో వచ్చింది. అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీలో వైన్‌స్టాక్, క్లాసెన్, మాల్మ్ అనే ముగ్గురు ఫ్లోరిన్ వాయువులో ప్లాటినం తీగను కరెంటుతో ఎర్రగా కాల్చారు, పక్కనే ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన గోడ పెట్టారు. తీగ దగ్గర పుట్టిన హెక్సాఫ్లోరైడ్ మళ్లీ విడిపోయేలోగా ఆ గోడ మీద గడ్డకడుతుంది. తెలివైన ఏర్పాటు. ముదురు ఎరుపు ఘనపదార్థం, 61.3 డిగ్రీల సెల్సియస్‌కి కరుగుతుంది, 69.1కి మరుగుతుంది. మధ్యలో ద్రవంగా ఉండేది ఎనిమిది డిగ్రీల లోపే.

ఇక నీల్ బార్ట్‌లెట్ కథ. వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో ఆయన, లోమాన్ కలిసి ప్లాటినం సమ్మేళనాలను గాజు పరికరాల్లో ఫ్లోరిన్‌తో వేడి చేస్తుంటే నారింజ-ఎరుపు రంగు పదార్థం ఒకటి మళ్లీ మళ్లీ వచ్చింది. ముందు దాన్ని ప్లాటినం ఆక్సీఫ్లోరైడ్ అనుకున్నారు. చివరికి తేలింది ఏమిటంటే అది ఒక లవణం: ధన అయాన్ ఆక్సిజన్ అణువు, రుణ అయాన్ హెక్సాఫ్లోరోప్లాటినేట్. తర్వాత ఆయన ఒక పట్టికలో ఆక్సిజన్ అణువు అయనీకరణ శక్తి (ఒక ఎలక్ట్రాన్‌ని లాగేయడానికి కావాల్సిన శక్తి), జెనాన్ అయనీకరణ శక్తి దాదాపు ఒకటేనని చూశారు. ఇప్పటి విలువలు 12.07, 12.13 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. 1962 మార్చి 23 సాయంత్రం హెక్సాఫ్లోరైడ్ ఎరుపు ఆవిరినీ జెనాన్‌నీ కలిపారు, పసుపు ఘనపదార్థం వచ్చింది. జడవాయువులు అనే పేరు ఆ సాయంత్రం నుంచి సరిపోకుండా పోయింది.

ప్రోగ్రాములు, సెటప్

ప్లాటినం పరమాణువులో 78 ఎలక్ట్రాన్లు. అన్నిటినీ లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. లోపలి 60 ఎలక్ట్రాన్ల బదులు ఒక రెడీమేడ్ పొటెన్షియల్ పెట్టి, బయటి 18ని మాత్రం లెక్కించే పద్ధతి ఉంది, సాపేక్షత ప్రభావం చాలావరకు ఆ పొటెన్షియల్‌లోనే కలిసిపోయి ఉంటుంది. సాపేక్షత ఎందుకంటే, కేంద్రకం దగ్గరి ఎలక్ట్రాన్ వేగాన్ని చేతిలెక్కగా 78ని 137తో భాగిస్తే కాంతి వేగంలో సగానికి పైనే వస్తుంది. దాన్ని పట్టించుకోకుండా ప్లాటినం రసాయనం లెక్కేయడం దండగ.

ఆరు ఫ్లోరిన్‌లకి 54 ఎలక్ట్రాన్లు, ప్లాటినానికి 18, మొత్తం 72. డెస్క్‌టాప్‌కి ఇది పెద్ద భారం కాదు. మామూలు డీఎఫ్‌టీకి (ఎలక్ట్రాన్ల సాంద్రత నుంచి శక్తిని లెక్కించే పద్ధతి) పైఎస్‌సీఎఫ్ అనే ప్రోగ్రాము, స్పిన్-ఆర్బిట్ (ఎలక్ట్రాన్ స్పిన్‌కీ దాని కక్ష్యా చలనానికీ ఉన్న లంకె, ఇదీ సాపేక్షత ప్రభావమే) అవసరమైన చోట ఎన్‌డబ్ల్యూకెమ్ అనే ప్రోగ్రాము పెట్టుకున్నాను. ఫంక్షనల్, అంటే డీఎఫ్‌టీలో ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావాన్ని అంచనా వేసే సూత్రం, పీబీఈ0 అనే హైబ్రిడ్ రకం. రుణ అయాన్‌ని కూడా లెక్కేయాలి కనుక ఫ్లోరిన్ మీద బాగా విస్తరించిన డిఫ్యూజ్ ఫంక్షన్లు తప్పనిసరి, అవి లేకపోతే అదనపు ఎలక్ట్రాన్‌కి కూర్చునే చోటు ఉండదు, ఎలక్ట్రాన్ అఫినిటీ (ఎలక్ట్రాన్‌ని తీసుకున్నప్పుడు విడుదలయ్యే శక్తి) తక్కువగా వస్తుంది.

మొదటి రన్‌లు: అష్టముఖి వంగిపోయింది

పోల్చుకోవడానికి మంచి ప్రయోగ విలువ ఉంది. ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్‌తో కొలిచిన ప్లాటినం-ఫ్లోరిన్ బంధం పొడవు 1.85 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఆరు బంధాలూ సమానం, చక్కటి అష్టముఖి.

నాకు అలా రాలేదు. ఎస్‌సీఎఫ్ (జవాబు నిలకడపడేదాకా ఎలక్ట్రాన్ల లెక్కని మళ్లీ మళ్లీ చేసే ప్రక్రియ) కన్వర్జ్ కావడమే ఒక తలనొప్పి, లెవెల్ షిఫ్ట్, డ్యాంపింగ్ అనే ఉపాయాలు పెట్టి, ముందు టంగ్‌స్టన్ హెక్సాఫ్లోరైడ్ ఆర్బిటాళ్లు చూసి వాటి ఆకారాన్ని బట్టి ప్లాటినానికి ఏ ఆర్బిటాల్‌లో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉండాలో చేత్తో ఇచ్చి, అప్పుడు దారికి వచ్చింది. తీరా వచ్చాక చూస్తే అణువు వంకర. సింగ్లెట్‌గా (ఎలక్ట్రాన్లన్నీ జతలుగా) నడిపితే నిలువు బంధాలు రెండూ సాగాయి, అడ్డ బంధాలు నాలుగూ బిగుసుకున్నాయి. ట్రిప్లెట్‌గా (రెండు ఎలక్ట్రాన్లకి జత కుదరకుండా) నడిపితే దీనికి సరిగ్గా తిరగబడి వచ్చింది.

కారణం ఊహించదగ్గదే. ఆరో ఆక్సీకరణ స్థితిలో ప్లాటినానికి మిగిలేవి నాలుగు డీ ఎలక్ట్రాన్లు, అవి సర్దుకోవాల్సింది సమాన శక్తి ఉన్న మూడు ఆర్బిటాళ్లలో. నాలుగుని మూడింటిలో సమానంగా పంచలేం. ఆ ఆర్బిటాళ్లకి ఫ్లోరిన్‌లతో ఉన్నది బంధాన్ని బలహీనపరిచే స్వభావం, అందుకని ఎలక్ట్రాన్లు ఎక్కువగా చేరిన దిక్కున బంధం సాగుతుంది. సింగ్లెట్‌లో నిలువు అక్షంతో సంబంధం ఉన్న రెండు ఆర్బిటాళ్లు నిండి, అడ్డ తలంలోది ఖాళీ, కాబట్టి నిలువు బంధాలు సాగాయి. ట్రిప్లెట్‌లో అడ్డ తలంలోది నిండింది, మిగతా రెండూ సగం సగం. పాఠ్యపుస్తకపు యాన్-టెల్లర్ వంపు ఇది.

లెక్క తప్పని అనలేం, ఇచ్చిన సమీకరణానికి సరైన జవాబే ఇచ్చింది. సమీకరణంలోనే ఏదో తక్కువైంది. ప్రయోగం ఇంకోటి కూడా చెబుతోంది: ఈ పదార్థానికి జత కుదరని ఎలక్ట్రాన్లు లేవు, డయామాగ్నెటిక్. జత కుదిరి ఉండాలి, పైగా అణువు వంగకూడదు. మామూలు డీఎఫ్‌టీలో ఈ రెండూ కలిసి రావు.

స్పిన్-ఆర్బిట్ పెట్టాక

ఇక్కడ ఎక్కువ సమయం పట్టింది, ఎక్కువ ఆనందం కూడా ఇక్కడే.

ఎన్‌డబ్ల్యూకెమ్‌లో స్పిన్-ఆర్బిట్ పొటెన్షియల్‌ని విడిగా ఒక బ్లాక్‌లో ఇవ్వాలి. చిక్కు ఏమిటంటే ఈ అంకెలని ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కో రకం గుణకంతో రాసుకుంటుంది, ఒకచోటి నుంచి తెచ్చి ఇంకోచోట అతికిస్తే ప్రభావం రెట్టింపో సగమో అయిపోవచ్చు, ప్రోగ్రామ్ మాత్రం ఏమీ అనదు, నడుచుకుంటూ పోతుంది. అందుకని అణువు జోలికి వెళ్లకముందు పరమాణువు మీద పరీక్ష పెట్టాను. ఒంటరి ప్లాటినం ధన అయాన్‌లో డీ షెల్‌లో ఒకే ఒక్క ఖాళీ, దాని రెండు స్థాయిల మధ్య తేడా వర్ణపటం నుంచి బాగా తెలుసు, సెంటీమీటరుకి 8420 తరంగాలు, అంటే సుమారు 1.04 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. నా పొటెన్షియల్ దానికి దగ్గరగా ఇచ్చేదాకా గుణకాల సంగతి తేల్చుకున్నాను. మీరెవరైనా భారలోహాలతో ఇలాంటి పని చేస్తుంటే ఈ మెట్టు మాత్రం దాటేయకండి.

అదే అంకెతో చేతిలెక్క కూడా వేసుకోవచ్చు. డీ షెల్‌లో ఒక ఖాళీ ఉన్నప్పుడు తేడా స్పిన్-ఆర్బిట్ స్థిరాంకానికి రెండున్నర రెట్లు, అంటే స్థిరాంకం 0.42 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. అష్టముఖిలోని ఆ మూడు ఆర్బిటాళ్లని స్పిన్-ఆర్బిట్ రెండు గుంపులు చేస్తుంది: కింద నాలుగు ఎలక్ట్రాన్లు పట్టే గది, పైన రెండు పట్టే గది, మధ్య తేడా స్థిరాంకానికి ఒకటిన్నర రెట్లు, 0.63 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. అణువులో ఎలక్ట్రాన్లు ఫ్లోరిన్‌ల మీదికి కూడా పరుచుకుంటాయి కనుక అంకె అచ్చం ఇదే ఉండదు, కానీ చిన్నది మాత్రం కాదు.

ఇప్పుడు చూడండి. మన దగ్గర ఉన్నవి నాలుగు ఎలక్ట్రాన్లు. కింది గదిలో పట్టేవి సరిగ్గా నాలుగు. గది నిండింది, అన్నిటికీ జత కుదిరింది, ఏ దిక్కుకీ పక్షపాతం లేదు, అణువు వంగాల్సిన అవసరం లేదు. డయామాగ్నెటిజం, సమానమైన ఆరు బంధాలు, రెండూ ఒకే దెబ్బకి వచ్చేశాయి.

కంప్యూటర్‌లో కూడా అదే చూశాను. రెండు నిలువు బంధాలని కొద్దికొద్దిగా సాగదీస్తూ, తర్వాత నొక్కుతూ, ఒక్కో చోట శక్తి లెక్కించి గ్రాఫ్ గీశాను. స్పిన్-ఆర్బిట్ లేనప్పుడు మధ్యలో మిట్ట, అటూ ఇటూ రెండు గుంటలు. పెట్టాక గుంట ఒక్కటే, సరిగ్గా మధ్యలో. బంధం పొడవు 1.85 దగ్గరే తేలింది. ఆ గ్రాఫ్‌ని ప్రింట్ తీసి పెట్టుకున్నాను, సిగ్గులేకుండా.

ఎలక్ట్రాన్ అఫినిటీ, అసలు టెన్షన్

అఫినిటీ అంటే ఇక్కడ తటస్థ అణువు శక్తికీ రుణ అయాన్ శక్తికీ తేడా, రెండిటినీ వాటి వాటి స్థిరమైన ఆకారంలో లెక్కించాలి. ఫ్లోరిన్ పరమాణువుకి ఇది 3.40 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌కి 7 ప్రాంతం. రెట్టింపు పైన! ఆరు ఫ్లోరిన్‌లు చుట్టూ ఉంటే వచ్చే ఎలక్ట్రాన్ బరువుని అందరూ పంచుకుంటారు, మధ్యలో ప్లాటినం అప్పటికే ఆరు ఎలక్ట్రాన్ల మేరకు లోటులో ఉంది.

స్పిన్-ఆర్బిట్ లేకుండా వేసిన లెక్కలో అఫినిటీ బాగా ఎక్కువ వచ్చింది. అది పెట్టాక తగ్గింది. తగ్గడం ఎందుకో పై గదుల బొమ్మలోనే ఉంది: తటస్థ అణువులో నాలుగు ఎలక్ట్రాన్లూ కింది గదిలో హాయిగా ఉన్నాయి, కొత్తగా వచ్చే అయిదోదానికి పై గదే గతి. తొలి అంచనాగా స్థిరాంకమంత, అంటే 0.4 దాకా తగ్గాలి, నాకు అంత తగ్గలేదు, ఎందుకంటే స్పిన్-ఆర్బిట్ లేని లెక్కలో తటస్థ అణువు వంగి కొంత లాభం ముందే పొందింది.

ఇబ్బంది పెట్టింది మాత్రం ఫంక్షనల్. హైబ్రిడ్ కానిదానితో ఒక విలువ, పీబీఈ0తో ఇంకొకటి, మధ్య తేడా అర ఎలక్ట్రాన్ వోల్ట్ పైనే. వాయుస్థితిలో కొలిచిన విలువల్లో ఒకటి 7.00, అటూ ఇటూ 0.35. కాబట్టి నా లెక్కకీ ఆ కొలతకీ పెద్ద తగువు లేదు, కానీ ఆ "అటూ ఇటూ" ఎంత ఖరీదైనదో తర్వాతి మెట్టులో తెలిసింది.

జమాఖర్చు

ఇంటి జమాఖర్చు పుస్తకం రాసినట్టే రాశాను, మోల్‌కి కిలోజౌళ్లలో.

ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్ తీయడానికి ఖర్చు 1165. హెక్సాఫ్లోరైడ్ దాన్ని తీసుకున్నందుకు జమ, 7.0 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు అనుకుంటే, 675. ఇంకా 490 లోటు. అంటే రెండు వాయు అణువులు ఒంటరిగా ఎదురుపడితే ఎలక్ట్రాన్ మారదు, ఎంత "బలమైన ఆక్సీకారిణి" అయినా సరే! ఆ 490ని పూడ్చాల్సింది స్ఫటికం, అయాన్లు వరుసల్లో చేరి ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటే వచ్చే జాలక శక్తి.

జాలక శక్తికి నాకు నచ్చిన పద్ధతి జెంకిన్స్ బృందం 1999లో ఇచ్చిన ఘనపరిమాణ సూత్రం. స్ఫటికంలో ఒక్కో ఫార్ములా యూనిట్ ఆక్రమించే చోటు తెలిస్తే చాలు. ఒక ధన, ఒక రుణ అయాన్ ఉన్న లవణానికి: ఘనపరిమాణపు ఘనమూలంతో 117.3ని భాగించి, 51.9 కలిపి, రెట్టింపు చేయాలి. బార్ట్‌లెట్‌కి దొరికిన ఆ ఆక్సిజన్ లవణం (డయాక్సిజెనిల్ హెక్సాఫ్లోరోప్లాటినేట్) స్ఫటికం ఘనాకారం, అంచు 10.032 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఒక్కో పెట్టెలో ఎనిమిది యూనిట్లు. పెట్టె ఘనపరిమాణాన్ని ఎనిమిదితో భాగిస్తే 0.126 ఘన నానోమీటర్లు. సూత్రంలో వేస్తే 571.

490 లోటు, 571 జమ. 81 మిగులు. భేష్ అనుకుని పుస్తకం మూసేయబోయి, ఎంట్రోపీ (కణాల చెల్లాచెదురుతనానికి కొలత) రాయలేదని గుర్తుచేసుకున్నాను. రెండు వాయువులు మాయమై ఘనపదార్థం అవుతున్నాయి, ప్రకృతి దీనికి పన్ను వసూలు చేస్తుంది. ఆక్సిజన్ ఎంట్రోపీ మోల్‌కి, కెల్విన్‌కి 205 జౌళ్లు, హెక్సాఫ్లోరైడ్ ఆవిరికి నా కంపన లెక్కల ప్రకారం సుమారు 350, ఘనపదార్థానికి అదే ఘనపరిమాణ పద్ధతిలో 186. తగ్గుదలని 298 కెల్విన్‌తో గుణిస్తే 110 కిలోజౌళ్లు.

81 మిగులు, 110 పన్ను. లోటు బడ్జెట్!

చర్య జరగకూడదని చెబుతోంది నా పుస్తకం, జరుగుతుందని 1962 నుంచి అందరికీ తెలుసు. గది ఉష్ణోగ్రత దగ్గరే, కలిపిన వెంటనే. వెనక్కి లెక్కేస్తే జమాఖర్చు సరిగ్గా సున్నా కావడానికి అఫినిటీ 7.30 ఉండాలి. ప్రయోగం చెప్పిన 7.00 అటూ ఇటూ 0.35లో పైఅంచు 7.35. ఇటు జాలక శక్తిలో అయిదు శాతం తేడా వచ్చినా 29 కిలోజౌళ్లు, ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో 0.3. అంటే రెండు పొరపాటు పట్టీలూ (అంకెలు అటూ ఇటూ జరగగలిగే మేర) కలిసి చర్య జరగడాన్ని అనుమతిస్తున్నాయి, హామీ ఇవ్వడం లేదు. ఉష్ణగతిక సవరణలో కొద్ది కిలోజౌళ్లు వదిలేశాను, వాటితో కథ మారదు.

నాకు ఇందులో నచ్చినది ఈ ఇరుకే. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్‌ని చిత్తుగా ఓడిస్తుందనుకుని మొదలుపెట్టాను, నిజానికి అది గీత మీద గెలుస్తోంది. ఇదే పుస్తకంలో ఇరిడియం హెక్సాఫ్లోరైడ్ పెట్టి చూడండి, దాని అఫినిటీ 6 దగ్గర, స్ఫటికం పరిమాణం దాదాపు అంతే అనుకోవచ్చు. మరో 96 కిలోజౌళ్ల లోటు ఒక్కసారిగా వచ్చి పడుతుంది, ఏ పొరపాటు పట్టీ దాన్ని కాపాడలేదు. ఆవర్తన పట్టికలో ఒక్క గడి ఎడమకి జరిగితే ఆట ముగిసింది.

జెనాన్‌కి ఇదే పుస్తకం పనికిరాదు

ఆశగా జెనాన్‌కీ రాశాను. అయనీకరణ ఖర్చు 1170, ఆక్సిజన్ కంటే కాస్తే ఎక్కువ. ఒంటరి జెనాన్ అయాన్, హెక్సాఫ్లోరోప్లాటినేట్ అయాన్ ఉన్న లవణం అనుకుంటే మిగతా అంకెలు దాదాపు అవే, మళ్లీ అదే గీత మీద నిలబడతాం. కానీ అసలు పదార్థం అలాంటిది కాదు. బార్ట్‌లెట్ మొదట రాసిన సరళమైన ఫార్ములా తర్వాత నిలవలేదు, 2000లో ఆయన బృందమే మళ్లీ ఈ పదార్థం స్వభావం మీద వ్యాసం రాసింది. జెనాన్ ఒక ఫ్లోరిన్‌ని పట్టుకుని జెనాన్-ఫ్లోరిన్ ధన అయాన్‌గా ఉంటుంది, ఎదురుగా ప్లాటినం ఫ్లోరైడ్ రుణ అయాన్లు. హెక్సాఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే ఫ్లోరిన్ వంతెనతో రెండు ప్లాటినాలు కలిసిన అయాన్ కూడా వస్తుంది, దానిలో ఫ్లోరిన్‌లు పదకొండు.

అంటే ఇక్కడ కథ ఎలక్ట్రాన్ మార్పిడితో ఆగదు, కొత్త జెనాన్-ఫ్లోరిన్ బంధం కూడా జమలో పడుతుంది. అయనీకరణ శక్తులు పోల్చి బార్ట్‌లెట్ వేసిన అంచనా సరైన గ్లాసులోకి సరైన వాయువుని పంపింది, కానీ గ్లాసులో పుట్టిన పదార్థం ఆ అంచనాలో ఉన్నది కాదు. ఇది ఆయన్ని తక్కువ చేయడం కాదు, నాకైతే అంచనా కంటే ఆ ధైర్యమే గొప్పగా అనిపిస్తుంది. 1933లోనే లైనస్ పాలింగ్ జెనాన్ ఫ్లోరైడ్లు ఉండొచ్చని చెప్పినా, అప్పట్లో చేసిన ప్రయత్నం ఫలించకపోవడంతో చాలామంది ఆ దారి వదిలేశారు.

ఇప్పుడు నడుస్తున్నది

జెనాన్-ఫ్లోరిన్ ధన అయాన్ అయిపోయింది, రెండే పరమాణువులు, కాఫీ తాగేలోగా వచ్చేసింది. హెక్సాఫ్లోరైడ్ జెనాన్‌కి ఒక ఫ్లోరిన్ ఇచ్చేస్తే మిగిలే ప్లాటినం పెంటాఫ్లోరైడ్ ఘనస్థితిలో నాలుగేసి యూనిట్లు గుంపుగా ఉంటాయి కనుక దాన్ని ఒంటరి అణువుగా లెక్కిస్తే శక్తి తప్పుదారి పట్టిస్తుంది, నాలుగు యూనిట్ల గుంపు మొత్తాన్ని స్పిన్-ఆర్బిట్ లేకుండా ఒకసారి నడిపి అందులోంచి ఒక్కో యూనిట్‌కి లెక్క తీస్తాను.

రెండు ప్లాటినాల అయాన్ మాత్రం మొండికేస్తోంది. సౌష్ఠవం కోసం ప్లాటినం-ఫ్లోరిన్-ప్లాటినం వంతెనని తిన్నగా పెట్టి మొదలుపెట్టాను, ఆకారం కన్వర్జ్ అయ్యింది, కానీ కంపనాల జాబితాలో ఒక ఊహాత్మక ఫ్రీక్వెన్సీ (ఆకారం నిజంగా స్థిరపడలేదనే సంకేతం) ఉంది, దాని కదలిక చూస్తే వంతెన పక్కకి వంగాలని చూస్తోంది. ఆ దిశలోనే కొద్దిగా వంచి, సౌష్ఠవం ఆపేసి, కొత్త జాబ్ వేశాను. రెండు లోహాల మీద జత కుదరని ఎలక్ట్రాన్లు ఒక్కోటి ఉన్నాయి కనుక రెండు స్పిన్‌లూ ఒకే దిక్కుగా ఒకసారి, ఎదురెదురుగా ఒకసారి నడపాలి. మొదటిది క్యూలో సగం దాకా వచ్చింది.